బెల్టు కౌన్సెలరు కావలెను

సర్కారు సేవ పేదవాడి గుమ్మం దాకా ఎట్లా చేరాలో నేర్చుకోవడానికి ఢిల్లీలో సదస్సులు పెట్టనక్కర్లేదు. హగరి ఒడ్డుకు వస్తే చాలు. ఇటు బళ్లారి తాలూకా, మోకా, హగరి రైల్వే స్టేషను. అటు అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు. ఇటువైపు ఊరి బోర్డు కన్నడంలో ఉన్నా చాలా ఇళ్లలో మాట తెలుగే. అటువైపు ఊరు ఆంధ్రాలో ఉన్నా పెద్ద సరుకులకు, పెద్ద జబ్బులకు బళ్లారే. మధ్యన ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక తప్ప మరేమీ కనబడని నది. ఆ ఇసుక దాటి, శనగచేని గట్టు దాటి, చెక్‌పోస్టుకు కాస్త ఎడంగా తొంభై మిల్లీలీటర్ల మందు టెట్రా పాకెట్టు నడిచొస్తుంది. పగలదు, గలగలమనదు, పంచె మడతలో ఒదిగిపోతుంది. ఆధార్ అడగదు, ఓటీపీ అడగదు, సర్వర్ డౌన్ అని చెప్పి రేపు రమ్మనదు. కూలి డబ్బులు చేతిలో పడ్డ గంటలోపే లబ్ధిదారుణ్ణి వెతుక్కుంటూ తనే వస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక ఇంత నికరంగా అమలైన గ్రామీణ పథకం ఇంకొకటి చూపించండి, ఈ వ్యాసం ఇక్కడే ఆపేస్తాను.

చూపించలేరు కాబట్టి తిరుగు ప్రయాణం సంగతి చూద్దాం. ఆ పాకెట్టుకు అలవాటుపడ్డ మనిషి ఒకనాటి పొద్దున టీ గ్లాసు ఎత్తబోతే చెయ్యి వణికి సగం ఒలికిపోయి, ఇంక ఇడిసిపెడదాం అనుకున్నాడనుకోండి. అనుకోవడం వరకే అతని పని. దారి అడగడం భార్య పని. మన దగ్గర తాగేది మగవాడే అయినా మానడం కోసం కాళ్లరిగేలా తిరిగేది ఆడమనిషే.

"అన్నా, మా ఇంటాయన తాగేది ఇడుస్తానంటాండాడు. యాడికి పిల్చకపోవల్ల?"

"ఇడుస్తానంటే మంచిదే కదమ్మా. ఇడవమను."

ఇదీ మన చికిత్స. సర్పంచి చెప్పేదిదే, బస్సు కండక్టరు చెప్పేదిదే, మందులషాపు కుర్రాడు చెప్పేదీ ఇదే. ఉబ్బసం రోగితో "గాలి బాగా పీల్చుకో నాయనా" అని చెప్పి పంపించడంలో ఎంత వైద్యముందో ఇందులోనూ అంతే ఉంది. అయినా ఎవరికీ అనుమానం రాదు. ఎందుకంటే తాగుడు జబ్బని మనకు వేదికల మీద మాత్రమే గుర్తుకొస్తుంది. వేదిక దిగగానే అది పొగరు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ వైద్యులు దేశమంతా తిరిగి తీసిన లెక్క 2019లో బయటికొచ్చింది. మద్యం లేకుండా బతకలేని స్థితికి చేరినవాళ్లు సుమారు 2.9 కోట్ల మంది. వాళ్లలో ఏదో ఒక రకం చికిత్సో సాయమో అందిందని చెప్పినవాళ్లు 38 మందికి ఒక్కరు. ఆసుపత్రిలో మంచం దొరికినవాళ్లు 180 మందికి ఒక్కరు. ఇదే 38 మందిలో పాకెట్టు అందనివాడు ఒక్కడైనా ఉంటాడా అని ఎక్సైజు శాఖను అడిగి చూడండి, నొచ్చుకుంటారు.

కౌన్సెలింగు అసలే లేదంటే అబద్ధమవుతుంది. పోలీసు స్టేషన్లో ఉంది. తాగి బండి నడిపినవాళ్లను వరసగా నిలబెడతారు, కొన్నిచోట్ల భార్యాబిడ్డల్ని కూడా పిలిపిస్తారు. సారువారు అరగంట మాట్లాడతారు. మర్నాడు జిల్లా పేజీలో తలలు వంచుకున్నవాళ్ల ఫొటో. ఆ వరసలో నిలబడ్డ ఒక్కరినైనా "రోజుకు ఎంత తాగుతావు? ఎన్నేళ్లుగా? ఒకపూట పడకపోతే ఒంట్లో ఏమవుతుంది?" అని అడిగే ఓపిక ఆ అరగంటలో ఉండదు. అసలు అడగవలసింది ఆ మూడో ప్రశ్నే.

ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఉన్నట్టుండి ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండోనాడో మూడోనాడో గోడ మీద లేని పురుగులు కనబడతాయి, లేని మనుషులతో మాటలు సాగుతాయి. వైద్యులు దాన్ని డెలిరియం ట్రెమెన్స్ అంటారు. ఊళ్లో గాలి సోకిందంటారు, మంత్రగాణ్ణి పిలుస్తారు. పట్టించుకోకపోతే ప్రాణమే పోవచ్చు. దీనికి వైద్యం ఏమంత గొప్ప రహస్యం కాదు: డాక్టరు కనుసన్నల్లో కొన్నాళ్లు రోజురోజుకూ తగ్గించుకుంటూ పోయే మాత్రలు, బి1 విటమిను ఇంజెక్షన్లు, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడం. ఖరీదూ ఎక్కువ కాదు. "ఇడవమను" అని ఉచితంగా ఇచ్చిన సలహా మాత్రం మనిషినే ఖర్చు చేయగలదు.

మా ప్రాంతపు చరిత్రలో అక్టోబరు 1కి ఏదో మత్తుంది. 1953లో ఆ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, బళ్లారి మైసూరుకు పోయింది. ఒకే నది రెండు ఎక్సైజు శాఖల చేతుల్లో పడింది. 1993లో అదే తేదీన ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం. 2019లో అదే తేదీన ఆంధ్రప్రదేశ్ సర్కారు స్వయంగా కౌంటరు వెనక నిలబడి సీసాలమ్మడం మొదలుపెట్టింది. మర్నాడు గాంధీ జయంతి కాబట్టి ఒకరోజు సెలవు తీసుకుని, మూడో తారీకున ఉత్సాహంగా షట్టరెత్తింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి ప్రభుత్వాల మెడలు వంచింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం రోజునే నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం. 1997లో ఎత్తేశారు. 2007 జూలై 1న కర్ణాటక సారా ఆపింది; సారా ప్యాకెట్టు పోయి దాని చోట్లో చీపు లిక్కరు కూర్చుంది. 2020 మేలో ఆంధ్రప్రదేశ్ మందు ధర ఏకంగా 75 శాతం పెంచి, దెబ్బకు షాకు కొట్టి జనం మానేస్తారని సెలవిచ్చింది. షాకు కొట్టింది నిజమే. తగిలినవాళ్లు హగరి దాటారు. అంత దూరం పోలేనివాళ్లు చేతికి దొరికింది తాగారు. అదే ఏడాది జూలై ఆఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా పోయారు. ఇటు సరిహద్దులో పట్టుబడ్డ సరుకును వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించడం, ఫొటోలు దిగడం ఒక జాతరగా సాగింది. ఇన్నేళ్ల ఈ తతంగంలో ఏ ప్రభుత్వమైనా అడిగినవి రెండే ప్రశ్నలు: వీడు తాగవచ్చా, తాగితే ఎవరి దగ్గర కొనాలి? వీడు మానాలంటే ఎక్కడికి పోవాలన్నది ఎవరి ఫైల్లోనూ ముఖ్యాంశం కాలేదు.

2024 అక్టోబరులో షాపులు మళ్లీ ప్రైవేటువాళ్లకు వెళ్లాయి. 3,396 షాపులకు లాటరీ. దరఖాస్తు రుసుము రెండు లక్షలు. అదృష్టం తగిలినా తగలకపోయినా వెనక్కి రాదు. వచ్చిన దరఖాస్తులు 89,882. హెచ్చవేస్తే సుమారు 1,797 కోట్లు. ఒక్క చుక్క అమ్మకముందే, ఒక్క మూత తిప్పకముందే! దాంతోపాటు 99 రూపాయలకే క్వార్టరన్న వరం. నది ఇవతల మేమేం తక్కువ తినలేదు. 2025-26 బడ్జెట్లో కర్ణాటక ఎక్సైజు నుంచి ఆశించిన మొత్తం 40,000 కోట్లు. అమ్మకాల్లో సర్కారువారి సొంత చెయ్యి కూడా ఉంది, ఎంఎస్ఐఎల్ అని. ఆ సంస్థ పిల్లలకు నోటుపుస్తకాలు అమ్ముతుంది, తల్లులకు చీటీలు వేస్తుంది, తండ్రులకు మద్యం దుకాణాలు నడుపుతుంది. కుటుంబంలో ఒక్కరినీ మరిచిపోలేదు. ఇంత సమగ్రమైన కుటుంబ సంక్షేమం చూస్తే మద్య నిషేధానికి పాటుపడమని రాజ్యాంగం 47వ అధికరణం రాసినవాళ్లు ఎంత మురిసిపోయేవారో!

ఎక్సైజు అధికారికి టార్గెట్ ఉంది. తగ్గితే సంజాయిషీ ఉంది. మండలంలో ఈ నెల ఎంతమంది మానారో చెప్పమని ఏ అధికారికైనా ఏ ఫోనైనా వచ్చిందా?

అసలు వింత ఇప్పుడు చెప్తాను. ఊళ్లోనే, పీహెచ్‌సీలోనే మానసిక వైద్యం ఇవ్వవచ్చని ఈ దేశానికి నేర్పింది ఏ జిల్లా అనుకుంటున్నారు? ఈ బళ్లారే. 1985లో బెంగళూరు నిమ్హాన్స్ మానసిక వైద్యులు ఈ జిల్లాను ఎంచుకున్నారు. పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, చవకైన కొన్ని మందులు చేతికిచ్చి, మూర్ఛ మొదలుకొని తీవ్రమైన మనోవ్యాధుల దాకా అక్కడికక్కడే గుర్తించి చూడవచ్చని రుజువు చేశారు. దానికి బళ్లారి నమూనా అని పేరొచ్చింది. 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది ఆ నమూనా మీదే. మొదటి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. తర్వాత అది దేశమంతా పాకింది. సండూరు ఇనుప ఖనిజం ఎట్లా పోయిందో నమూనా కూడా అట్లాగే ఎగుమతి అయిపోయింది. ఒడ్డున ఉన్న ఊళ్లకు మిగిలింది ఎర్రదుమ్ము.

ఈ ఖాళీలోకి దేవుడు వచ్చాడు. రాక ఏం చేస్తాడు, పోస్టు ఖాళీగా ఉంటే.

బొమ్మనహాళ్ మండలంలో ఉంతకల్లు అని ఒక ఊరు. అక్కడ పాండురంగస్వామి గుడిలో మాల వేసుకుంటే తాగుడు పోతుందని పేరు. ఏకాదశి వచ్చిందంటే ఆంధ్రా నుంచి, కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి కూడా జనం. మాల వేసుకున్నవాడు తర్వాతి ఏకాదశులకు మళ్లీ రావాలి. దీన్ని చూసి నవ్వే చదువుకున్నవాళ్లున్నారు. నవ్వే ముందు ఆ గుడి చేస్తున్న పనిని కాస్త విడదీసి చూడండి. మొదటిది, మానడానికి ఒక తేదీ ఉంది. రేపట్నుంచి అన్న మాట అక్కడ చెల్లదు, ఏకాదశే. తర్వాత, పదిమంది ఎదుట చెప్పిన మాట ఉంది. పక్కన అదే బాధ పడుతున్న ఇంకో వందమంది ఉన్నారు. అమెరికాలో 1935లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ ప్రపంచమంతా పాకిందీ ఈ తోడు అనే ఒక్క బలంతోనే. మెడలో మాల ఉంది, కాబట్టి "ఒక్క పెగ్గే కదరా" అనే స్నేహితుడి నోరు మూతపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మళ్లీ రావలసిన రోజు ముందే ఖరారై ఉంది. పంచాంగంలో అచ్చయి ఉంది. డాక్టరు సెలవులో ఉన్నారు, వచ్చేవారం రండి అనే బాధ లేదు. మానసిక వైద్యంలో ఫాలోఅప్ అని దేన్ని అంటారో దాన్ని ఈ సరిహద్దులో నియమం తప్పకుండా నడుపుతున్న ఏకైక అధికారి పాండురంగడే. జీతం కూడా అడగలేదు.

గుడికి ఉన్న లోపం కూడా చెప్పాలి, లేకపోతే ఇది భజన అవుతుంది. మాల వేసుకునేముందు నాడి పట్టి చూసే నర్సు లేదు, మొదటి రెండు రోజుల ఫిట్స్‌కు మాత్ర లేదు. అంతకన్నా పెద్ద చిక్కు, మాల వేసుకుని మళ్లీ తాగితే అది దైవద్రోహం. జబ్బు తిరగబెట్టడం ఈ రోగంలో మామూలు, బీపీ, షుగరు మళ్లీ పెరిగినంత మామూలు. కానీ తిరగబెట్టిన మనిషి భయంతో గుడివైపు రాడు, సిగ్గుతో ఆసుపత్రివైపు పోడు. ఇంక తెరిచి ఉండే తలుపు ఒకటే, దాని మీద వైన్స్ అని రాసుంటుంది. అయ్యప్ప దీక్షదీ ఇదే కథ. 41 రోజులు మందు ముట్టనివాడికి నలభై రెండోనాడు ఏం చెయ్యాలో గురుస్వామి చెప్పడు. మిత్రబృందం చెప్తుంది.

కర్ణాటకలో ధర్మస్థల గ్రామాభివృద్ధి సంస్థ, జనజాగృతి వేదిక కలిసి ఊళ్లలో మద్యవర్జన శిబిరాలు పెడతాయి. ఎనిమిది రోజులు అక్కడే ఉంచుకుని, తర్వాత మానినవాళ్లతో నవజీవన సమితులు కట్టిస్తాయి. దేవుడి పేరుతోనే అయినా, నలభై రెండోనాడు అనే రోజొకటి వస్తుందని గుర్తుంచుకున్న ఏర్పాటు అది. సర్కారు దాన్నైనా చూసి రాసుకోవచ్చు. కాపీ కొట్టినందుకు ధర్మస్థలవాళ్లు డిబారు చెయ్యరు.

దేవుడి తర్వాత రెండో వరసలో దొంగలు. తాగేవాడికి తెలియకుండానే తాగుడు మాన్పిస్తామని బస్టాండు గోడల మీద రాతలు చూసే ఉంటారు. అన్నంలో కలపండి, సాంబారులో కలపండి! ఇటువంటి గుట్టు మందుల్లో పొడి పేరేదైనా అందులో ఏముందో అమ్మేవాడికే తెలియదు. అసలు మందు డైసల్ఫిరామ్‌నే తెచ్చి కలిపారనుకోండి, అది ఇంకా ప్రమాదం. 1948లో డెన్మార్క్ పరిశోధకులు లోకానికి చెప్పిన మందు అది. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. అందుకే తాగేవాడికి చెప్పి, ఒప్పించి, గుండె, కాలేయం చూసి మాత్రమే ఇవ్వాలి. తెలియకుండా ఇస్తే వాడు మామూలుగానే క్వార్టరు ఎత్తుతాడు, భార్య హత్యాయత్నం చేసినదవుతుంది. ఇక తాళం వేసి, కొట్టి మాన్పించే ప్రైవేటు కేంద్రాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రిజిస్ట్రేషను ఉండాలి, రోగి హక్కులు నిలబడాలి. చేర్చేముందు రిజిస్ట్రేషను కాగితం చూపించమనండి. కాగితం చూపకుండా కోప్పడితే, మనిషిని తీసుకుని ఇంటికొచ్చేయండి.

ఫోన్లు ఉన్నాయి. మానసిక సాయానికి టెలీ మానస్ 14416, 2022 అక్టోబరు 10న మొదలైంది, దాన్ని ముందుండి నడిపేదీ నిమ్హాన్సే. మత్తు మాన్పించేందుకు జాతీయ హెల్ప్‌లైను 14446. రెండూ ఉచితం. తాగేవాడే చెయ్యాలని లేదు, భార్య చెయ్యవచ్చు, కొడుకు చెయ్యవచ్చు. ఈ రెండు నంబర్లు ఎక్కడ రాసుంటాయంటే, తాగేవాడు అడుగుపెట్టని ఆఫీసుల గోడల మీద. వాడు రోజూ తప్పకుండా చూసే కాగితం ఒకటుంది కదా, పాకెట్టు. దాని మీద ఆరోగ్యానికి హానికరమని ముద్రించే నిబంధన ఉండనే ఉంది. హానికరమని వాడికి మనకంటే బాగా తెలుసు. దాని కిందే కన్నడంలో, తెలుగులో ఈ అయిదంకెలు అచ్చేయించడానికి ఎన్ని కేబినెట్ సమావేశాలు కావాలి?

అయినా ఫోను నంబరుతో ఆగడం ఎందుకు? నా మనవి ఇది. కౌన్సెలింగును ఆరోగ్య శాఖ నుంచి తీసేసి ఎక్సైజు శాఖకు అప్పగించండి. ప్రతి కుగ్రామంలో ఏ చిల్లరకొట్టు వెనక ఏ గోనెసంచిలో ఎన్ని సీసాలుంటాయో తెలిసిన శాఖ అదే. అట్లా దొంగచాటుగా అమ్మే బెల్టుషాపు ఉన్న ప్రతి ఊళ్లో ఒక బెల్టు కౌన్సెలరును పెట్టమనండి. అర్హతలు: పదో తరగతి, తెలుగు కన్నడం రెండూ రావడం, ఎదుటివాడు చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వినగలగడం. (మూడోదానికే అభ్యర్థులు దొరకరని నా అనుమానం.) వేళలు ఉదయం పది నుంచి రాత్రి పది, దుకాణంతో సమానంగా. దరఖాస్తు రుసుములుగా వసూలైన ఆ 1,797 కోట్లలోంచి కొసరంత వేసినా జీతాలకు చాలు.

వేళాకోళం అనుకుంటున్నారా? గోవాలో ఇది చేసి చూశారు. మందు చవగ్గా దొరికే గోవాలోనే. సంగత్ సంస్థ స్థానికులనే కౌన్సెలర్లుగా తయారుచేసింది. డాక్టర్లు కారు, సైకాలజిస్టులు కారు. వాళ్లు పీహెచ్‌సీలకు వచ్చిన తాగుబోతుల్లో ఇంకా పూర్తిగా ముదరనివాళ్లతో మహా అయితే నాలుగుసార్లు కూర్చుని మాట్లాడారు. తిట్టలేదు, నీతులు చెప్పలేదు. ఎందుకు తాగుతున్నావు, ఏం పోగొట్టుకున్నావు, ఏ వేళకు నాలుక పీకుతుంది, ఆ వేళకు ఏం చేద్దాం అని అడిగి అతని నోటితోనే చెప్పించారు. 377 మంది మీద చేసిన ఆ పరీక్ష ఫలితం 2017లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. మూడు నెలలకు హాని చేసే తాగుడు నుంచి బయటపడ్డవాళ్లు కౌన్సెలింగు అందినవారిలో 36 శాతం, మామూలు వైద్యంతో 26 శాతం. నూటికి పదిమంది ఎక్కువ. బాగా ముదిరినవాడికి ఆసుపత్రి తప్పదు, ఈ మాటలతో ఆ మంచం అవసరం తీరదు. కానీ ముదరకుండా ఆపడానికి కావలసింది ఊళ్లో వినే ఒక మనిషి, నాలుగు కూర్చోవడాలు. ఈ పని 1985లో నేర్చుకున్న జిల్లాకు 2017 నాటి గోవా సాక్ష్యం చూపించవలసి రావడం కాస్త సిగ్గుచేటే.

టెండరు నిబంధనలు మీరే రాసుకోండి, ఎక్సైజువారికి ఆ విద్య నేర్పక్కర్లేదు. ఒక్క నిబంధన మాత్రం నా తరఫున చేర్చండి. మాట ఇచ్చి, మాల వేసుకుని, మాత్ర మింగి, మళ్లీ తాగి వచ్చినవాణ్ణి కౌన్సెలరు వెనక్కి పంపరాదు. నీకిది ఎన్నోసారి అని అడగరాదు. వైన్‌షాపువాడు ఏనాడైనా అడిగాడా?